ఏ బండికి ఇంజన్

మూడు రాత్రుల సంది దిగుతాంది.
మిస్ఫా క్యాంపుల నెట్టు
ఎండకాలం నల్లా లెక్క,
సన్నగ వస్తది, నడుమ దగ్గుతది.
రూవీల ముప్పై రియాళ్లకు కొన్న పాత ల్యాప్‌టాప్
పైమంచంల నా కడుపు మీద
రొట్టెల పెంక లెక్క కాలుతాంది.

కిందికెళ్లి గంగారాజం అన్న అడిగిండు:
"ఏందిరా, రాత్రంత ఎక్కిస్తున్నవ్?"
"ఇంజన్."
"ఏ బండికి?"
ఇరవై ఏండ్ల సంది టిప్పర్ తోలుతున్నోడు,
ఇంజనంటే డీజిల్ వాసన రావాలె ఆయనకు.
"బండికి గాదే, ఫోన్ల ఆడే ఆటకు."
జరసేపు సప్పుడు లేదు.
"మరి గేర్లెన్ని?"

నాలుగో రాత్రి ఎక్కింది.
ఎక్కంగనే ఎర్ర అక్షరాలు.
జావా లేదు. ఉన్నది పాతది.
ఫోల్డర్ పేర్ల నడుమ ఖాళీ జాగ ఉండొద్దు.
ఒక్కో లైను మీద వేలు పెట్టి చదివిన,
పన్నెండు ఎంఎం రాడ్ ఏడికి, పదహారు ఏడికి అని
సైట్ల డ్రాయింగ్ చదివినట్టే.
తప్పు ఒక్కతాన ఉంటది,
ఎరుపు గోడంత వస్తది.
నాకిది కొత్త గాదు.
ఒక్క కట్టు ఊడితే స్లాబు పొడుగూతా తిట్లే.

రెండింటికి తెర తెరుసుకున్నది.
ఉత్త ఆకాశం.
ఒక ఎర్ర డబ్బా పెట్టిన, బరువిచ్చిన,
ఆడు అని ఒత్తిన.
పడ్డది.
పడుతనే ఉన్నది.
నేల పెట్టుడు మర్సిన.
నేల పెట్టినా సాలదంట,
నువ్వు గట్టిగున్నవని దానికి చెప్పాలెనంట,
లేకుంటే డబ్బా దాంట్లకెళ్లి దూరి పోతది.

గురుత్వాకర్షణకు ఒక గడి ఉన్నది, గడిల అంకె:
తొమ్మిది పాయింట్ ఎనిమిది ఒకటి.
ఆరో అంతస్తుల నా చేతిలకెళ్లి జారిన కొరికెన
కింద ఠంగుమనేదాక
నేను ఊపిరి తియ్యని రెండు సెకండ్లు
గీ అంకెదేనా?
దాన్ని ఒకటి చేసిన.
డబ్బా దూదిలెక్క దిగింది.
శానసేపు అదే చూసుకుంట కూసున్న.
మళ్ల పాత అంకెనే పెట్టిన.
అబద్ధం ఆట ఎవడాడుతడు.

ఇగ ఫోన్ల ఎక్కియ్యాలె.
సెట్టింగులల్ల అట్టడుగున బిల్డ్ నంబర్ మీద
ఏడుసార్లు తట్టాలెనంట.
తట్టిన. నాలుగోదానికి
ఇంక మూడే అన్నది.
ఏడోదానికి, తెలుగుల, మర్యాదగ:
మీరు ఇప్పుడు డెవలపర్ అయ్యారు.

బతాకా తీసి పక్కన పెట్టి చూసిన.
దాంట్ల అరబ్బీల ఒకసారి, ఇంగ్లీషుల ఒకసారి
కూలీ అనే ఉన్నది.
ఎనిమిదేండ్ల సంది ఉన్నది.
నవ్వొచ్చింది, బిగ్గరగ నవ్వలే,
పదకొండు మంది పండుకున్నరు.

నాలుగింటికి బస్సుల
షాహాలమ్ భాయికి ఫోనిచ్చిన.
ప్లాస్టర్ మేస్త్రి. సున్నం, సిమెంటు తిని
వేళ్ల మీద గీతలు మాసినయ్.
హాజరు మిషన్ రోజూ ఆయన్ని మూడుసార్లు వాపస్ పంపుతది.
"బటన్ ఒత్తు, డబ్బా ఎగురుతది" అన్న.
ఒత్తిండు. ఎగరలే.
తుడుసుకొని ఒత్తిండు. ఎగరలే.
"గిది గూడ నన్ను గుర్తుపడ్తలేదు" అన్నడు.

ఆ రాత్రి బటన్‌ను పెద్దగ చేసిన.
కింది సగం తెరంత చేసిన,
ఎవరి అరచెయ్యి ఏడ తగిలినా సాలు అన్నట్టు.

తెల్లారి బస్సు గతుకులల్ల ఊగుకుంట పోతాంటే
బొటనవేలు అడ్డంగ పెట్టి ఒత్తిండు.
ఎగిరింది.
పన్నెండు పర్సెంట్ చార్జింగ్
సైటు గేటు దాక వచ్చింది.