వరస నలభై ఒకటి

తెల్లారుజాము నాలుగు. ఏలూరుపాడు అవతల
ఉప్పుటేటి మీంచి చప్పని గాలి.
ఏరేటర్ల చప్పుడులో యేసుపాదం చెక్‌ట్రే పైకి లాగుతాడు.
బకెట్లో చిటపటమని పన్నెండు రొయ్యలు.
కొమ్ము నుంచి తోకదాకా నేను స్కేలు పెడతాను,
కాటా మీద అంకె అతను చదువుతాడు
టార్చి నోట్లో కరుచుకుని,
అందుకే ఎనిమిదికీ తొమ్మిదికీ తేడా తెలీదు.

ఐదు సెంటీమీటర్ల పిల్ల గ్రాము తూగదు.
పదిది, ఏడు గ్రాములు.
పద్నాలుగుది ఇరవైకి అటూ ఇటూ.
కాగితం మీద చుక్కలు పెడితే
మొదట కాలవగట్టులా చదునుగా పోయి పోయి
ఉన్నట్టుండి లేస్తాయి,
మేత కొట్లో ఖాతా లేచినట్టు.

వాటి మీద తిన్నని గీత ఆనించాను మొదట్లో.
నాలుగు సెంటీమీటర్ల పిల్ల
సున్నాకన్నా తేలికని చెప్పిందది.
పెరిచెర్ల సూరపరాజు గారు కళ్లజోడు దించి
"అంటే ఎగురుద్దా అమ్మాయ్?" అన్నారు.

ఆ రాత్రి సంవర్గమానాలు తీశాను.
ఇంటర్లో రత్నశేఖరం మాష్టారు
అట్ట ఊడిన పట్టికల పుస్తకం పైకెత్తి
"హెచ్చవేత రానివాడికి కూడిక చాలురా" అనేవారు,
అప్పుడు నాకు నవ్వొచ్చేది.
పొడుగుకి తీశాను, బరువుకి తీశాను.
చుక్కలు కదిలి
తాడు కట్టి నాటిన వరిలా వరసలో నిలబడ్డాయి.
వాలు: రెండు పాయింటు తొమ్మిది ఆరు.
మూడుకి ఇంత దగ్గరంటే
ఒళ్లు అన్ని వైపులకీ సమంగా పెరుగుతోందని.
బకెట్లో రొయ్యలు మాత్రం
ఎలా వంగినవి అలానే ఉన్నాయి.

గ్రాముల్లోకి తిరిగి దించేటప్పుడే
నా లెక్క ప్రతిసారీ కాస్త తక్కువ చెప్పేది.
పట్టుబడి రోజు కాటా దగ్గర తేలింది,
ఎకరాకి ముప్పై కిలోలు ఎక్కువ.
సంవర్గమానాల సగటు వేరు,
సగటుకి తీసిన సంవర్గమానం వేరు;
విస్తృతిలో సగం కలిపి అప్పుడు దించాలి.
సూరపరాజు గారు విని, చుట్ట ఆర్పి,
"తరుగు తీసేవాళ్లనే చూశానమ్మా ఇన్నేళ్లూ,
కలిపేవాళ్లని ఇప్పుడే" అన్నారు.

దాంతో నాకు ధైర్యమొచ్చింది.
చుట్టుపక్కల చెరువులన్నిటికీ అదే పని:
ఒక గడిలో మేత, పక్కగడిలో దిగుబడి.
నలభై చెరువులు తాడు వెంబడి నిలబడ్డాయి.
నలభై ఒకటో వరసలో
కంప్యూటరు తప్పు అంది.

యేసుపాదం మొదటిసారి కౌలుకి తీసుకున్న అర ఎకరం.
మేత: పద్నాలుగు బస్తాలు.
దిగుబడి: సున్నా.
నలభయ్యో రోజున తెల్లమచ్చ.
నా ల్యాబు రిపోర్టు కన్నా ముందే
గట్టు మీద కాకులు చెప్పాయి.

సున్నాకి సంవర్గమానం లేదు.
ఎంత కిందికి దిగినా అడుగున మన్ను తగలదు.
భీమవరం ఆఫీసుకి ఫోన్ చేస్తే
"తీసెయ్యమ్మా, గీత పాడవుద్ది" అన్నారు.
పుస్తకమేమో అన్నిటికీ ఒకటి కలపమంది.
ఏ ఒకటి?
బ్లీచింగు చల్లిన ఆ నీళ్లలో
ఒక కిలో ఎక్కణ్ణించి తేను?
టన్నుల్లో కలిపితే ఒక వాలు, కిలోల్లో కలిపితే ఇంకోటి.

గీత నలభైకే గీశాను.
బాగా కుదిరింది, అందరూ మెచ్చుకున్నారు.
పటం కింద చిన్నక్షరాల్లో రాశాను:
ఒక చెరువు ఈ లెక్కలో లేదు, మేత పద్నాలుగు బస్తాలు.
ఆ లైను ప్రింటులో రాలేదు.
అంచు కత్తిరించారో, నేనే సరిగా పెట్టలేదో.

కొత్త పంట. మళ్లీ నాలుగింటికి
సూరపరాజు గారి చెరువు మీద యేసుపాదం.
మేత కొట్టు బాకీ సగం తీరిందన్నాడు,
ఏ సగమో నేను అడగలేదు.
రొయ్య కాటా మీద ఎగిరి, ఆగింది.
"ఎంత?"
"...మిది."
పెన్ను గడి మీదే ఆగిపోయింది.
"టార్చి తీసి చెప్పు" అన్నాను.