కొట్టేసిన గడి

డిసెంబరు. యూకాన్ నది మీద
మూడడుగుల మందాన మంచు.
మేము గరాజ్‌లో కూర్చుని
పీపాలో నీళ్ళు పోసుకుని తెడ్డేస్తున్నాం.
పీపా ఎక్కడికీ పోదు.
"మంచిదే," అంది వెర్నా, "దారి తప్పం."

వెర్నాకి అరవై రెండు.
ఇనుపసామాన్ల కొట్లో మేకులు తూచి ఇచ్చే చెయ్యి.
నేను మంచు తోసే బండి నడుపుతాను
వైట్‌హార్స్ ఇంకా దుప్పట్లో ఉండగా.
ఇద్దరికీ తెలిసిన విద్య ఒకటే:
బరువుని కొంచెం కొంచెంగా పక్కకి నెట్టడం.

గోడకి పొడుగు కాగితం అంటించాం.
ఇక్కణ్ణుంచి డాసన్ దాకా నది
నా జానకి నాలుగు జానలు.
గడులు గీశాను.
లబార్జ్ సరస్సు: ఎదురుగాలి లేకపోతే అయిదు గంటలు.
"లేకపోతే" అన్న మాట మీద
వెర్నా వేలు పెట్టి కాసేపు ఊరుకుంది.
అయిదువేళ్ళ సుడుల దగ్గర కుడి పాయ.
కార్మాక్స్‌లో పులుసు, పొడి మేజోళ్ళు, నిద్ర.
ఆ తర్వాతి గడిలో చెయ్యి అలవాటు కొద్దీ
"రాత్రి" అని రాసింది.
"జూన్ చివర్లో రాత్రి ఎక్కడినుంచి తెస్తావ్?"
పెన్సిలు లాక్కుని కొట్టేసింది.

బరువు తగ్గించాలని
టూత్‌బ్రష్షుల పిడులు సగానికి కోశాం.
ఖాళీ అయిన ఆ చోట్లోకి
వెర్నా ఇత్తడి అలారం గడియారం దూర్చింది,
ముప్పావు కిలో.
"అది మోగకపోతే నేను లేవను.
నేను లేవకపోతే నువ్వు ఒంటరిగా తిరుగుతూ ఉంటావు, గుండ్రంగా."

మార్చిలో ఊరి ఈతకొలనులో
కావాలనే పడవ తిరగేసుకున్నాం, పదకొండుసార్లు.
గట్టు మీద ఒక పిల్లాడు కాళ్ళాడిస్తూ
"మళ్ళీ పడతారా?" అనడిగాడు ఆశగా.
పడ్డాం.

మేలో మంచు విరిగింది.
సరస్సు మాత్రం జూన్ దాకా పట్టు వదల్లేదు.
నీళ్ళలోకి దిగిన మొదటి రోజు
మా కెనూ తాగినవాడిలా నడిచింది.
పన్నెండు తెడ్లు, "హట్", పక్క మార్పు.
పన్నెండు, హట్.
ఆ మాటకి అర్థం లేదు.
అర్థం ఉన్న మాటల మీద మేము
ఇంత కచ్చితంగా ఎన్నడూ ఏకీభవించలేదు.

మూడో వారం,
ముందు కూర్చున్న ఆమె కుడిభుజం
పదో తెడ్డుకి చిన్నగా ఎగరడం వెనకనుంచి చూశాను.
మర్నాడు కుడివైపు తొమ్మిదికే హట్ అన్నాను.
ఎడమవైపు పదిహేను.
పడవ ఎడమకి జరిగితే సర్దుకుంటూ వచ్చాను.
లెక్కలో గట్టి మనిషి,
మేకు ఒక్కటి తక్కువైనా పట్టేస్తుంది.
ఆమె అడగలేదు.
గోడ మీది కాగితంలోనూ ఎక్కడా లేదది.

ఆఖరి సాధన, ఇరవై గంటలు ఏకబిగిన.
బయల్దేరేముందు నియమం చెప్పింది:
"నిద్ర చాలకపోతే రాళ్ళకి మొహాలొస్తాయి.
ఒడ్డున మనిషి కనబడితే పలకరించకు.
నన్నడుగు.
నాకూ కనబడితే మనిషి. లేకపోతే మోడు."

రెండయింది, పగలో రేయో తేలని వేళ.
ఆకాశం బియ్యం కడిగిన నీళ్ళు.
నాకొక ఎలుగు కనిపించింది. అడిగాను. మోడు.
పియానో కనిపించింది. అడగలేదు, సిగ్గేసి.
వంపు తిరగ్గానే
ఒడ్డు మీద ఒక మనిషి, చేతిలో లాంతరు,
మా వైపే పైకెత్తి పట్టుకుని.
"వెర్నా."
"నాకూ కనిపిస్తున్నాడు."
తొమ్మిది తెడ్లు. హట్.
పదిహేను. హట్.
చాలాసేపటికి, తల తిప్పకుండానే, అంది:
"ఇంత వెలుతుర్లో లాంతరెందుకు వాడికి?"

ఇంటికొచ్చి, తడి మేజోళ్ళతోనే నిలబడి
కొట్టేసిన గడి పక్కన
"రాత్రి" అని మళ్ళీ రాశాను.
వెర్నా చదివింది.
కుడిభుజం ఎడమచేత్తో రుద్దుకుంటూ
పెన్సిలు ఇమ్మంది.
దాని కింద, మేకుల చీటీ రాసినంత పొందిగ్గా,
"తొమ్మిది" అని రాసి ఇచ్చేసింది.