తువ్వాళ్ల లెక్క

నిన్న టౌన్‌హాల్లో రాత్రి పదకొండు దాకా
ఒకరినొకరు ఉతికి ఆరేసుకున్నారట.
నాకు నవ్వొచ్చింది.
గెంట్ నగరంలో ఆ గాజు కిటికీల వీధి బట్టలు
ఇరవై రెండేళ్లుగా ఉతికేది నేను.

రోజుకు నూట నలభై తువ్వాళ్లు.
జులై పండగ పది రోజులూ సోడా చాలదు.
నీలం అంచువి గోడెలీవ్‌వి,
అంచు లేనివి స్తాంకావి.
ఈ మైల బట్టలు మనకెందుకురా అన్నాడు మా అన్న, మొదట్లో.
ఆసుపత్రి దుప్పట్లకు మాత్రం
వాడెప్పుడూ ముక్కు మూసుకోలేదు.

బిల్లు మీద 'హోటల్ బట్టలు' అని రాసేవాణ్ణి.
ఆ హోటలెక్కడని పన్నుల ఆఫీసు అడగలేదు.
వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు.
గంజి పెట్టినట్టు నిలబడేది అబద్ధం.

ఇప్పుడు కొత్త చట్టమొచ్చింది.
ఒప్పంద పత్రం, సెలవు, జబ్బు చేస్తే జీతం,
వద్దనుకున్న మనిషిని వద్దనే హక్కు.
"అది ఇన్నాళ్లూ లేదా?"
రొట్టె కోస్తూ అడిగింది మా ఆవిడ.
నేను వెన్న వెతుక్కున్నాను.

పొద్దున్నే గోడెలీవ్ వచ్చింది.
అరవై ఒకటో ఏడు, మోకాలికి పట్టీ.
"బిల్లు నా పేరున రాయి వాన్నెస్. పూర్తి పేరు.
పని పేరు కూడా రాయి.
పింఛను కాగితంలో నా ముప్పై నాలుగేళ్లూ ఖాళీ.
అన్నాళ్లూ నిద్రపోయానా నేను?"
రాశాను. రెండుసార్లు చదివించుకుని
కళ్లద్దాల పెట్టెలో మడిచి పెట్టుకుంది.

సాయంత్రం స్తాంకా, వెనక తలుపు దగ్గర.
"నా పేరెక్కడా రాయకు."
స్లివెన్‌లో ఆమె కూతురి లెక్క ప్రకారం
అమ్మది బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం.
"కాగితమెక్కిన పేరు
నాకంటే ముందు ఊరు చేరుతుంది."
ఇంకో మాట కూడా అంది, తన భాషలో,
బయట కారులో కూచున్నవాడి వైపు చూస్తూ.
వాడు హారన్ కొట్టాడు.
బిల్లు డబ్బులు ఎప్పుడూ వాడే ఇస్తాడు,
చిల్లరతో సహా.
చట్టంలో వాడు ఏ పేజీలో ఉన్నాడో
నాకు తెలియదు. ఆమెనూ అడగలేకపోయాను.

ఆపేస్తే మాయమైపోతుందని ఒక బల్ల,
రాసుకుంటే శుభ్రపడుతుందని ఇంకో బల్ల.
ఇద్దరూ బాగానే మాట్లాడారట.
నెత్తుటికి చన్నీళ్లు, నూనెకు వేడినీళ్లు,
నా చదువు అంతవరకే.
గోడెలీవ్‌కి చేసిన న్యాయం
స్తాంకా వంటికి సరిపోలేదు,
ఏ కొలత తప్పిందో చూద్దామంటే
కారు వెళ్లిపోయింది.

ఆమె బిల్లు మీద మళ్లీ
'హోటల్ బట్టలు' అనే రాశాను.
ఈసారి చెయ్యి కాస్త ఆగింది.

అలసటో, తొందరో,
అందరివీ ఒకే మెషిన్లో వేశానివాళ.
తీసి చూస్తే
అంచు లేని తువ్వాళ్లకు అక్కడక్కడా నీలం.
పోతుందో పోదో
రేపు వెలుగులో చూడాలి.