పది నిమిషాలక్కా

పొద్దుగాల గ్యాస్ బండ రాలే.
రెండోసారి ఫోన్ చేసెటాల్లకు
జడ్పీ గ్రౌండ్ల డప్పులు షురువైనయ్.
వంటింటి కిటికీల్నుంచి చెవులిటే పెట్టిన,
ఉన్న జరంత మంట మీద పోపు మాడింది.

అత్తకు బీపీ గోలీలు, పిల్లకు చార్టు పేపరు.
గడియారం చౌరస్తాల టైలర్ యాకూబ్
"ఇంకో పది నిమిషాలక్కా" అన్నడు.
పాలమూరు ఎండల
ఆ పది నిమిషాలు సంకల వెట్టుకొని ఉరికిన.
తోలుబొమ్మకు అప్పుడే
ఎడమ చెయ్యి కడుతున్నరు.
ఆడంగ చూడకుంటనే మర్లిన.

మాపటికి మల్ల పోయినం, చిందు భాగోతానికి.
అత్త ముందు కుర్చీల,
మహిత నా ఒళ్ళె నిద్రల.
నాకు మాత్రం ముంగటాయన రుమాలు
సగం రాజ్యం మింగింది.

అయిపోయినంక నీళ్ళకని తెర ఎనకకు పోతే
రాణి వేషం కట్టినాయన
కిరీటం మోకాళ్ళ మీద వెట్టుకొని ఫోన్ల అడుగుతున్నడు:
"మోటర్ బంద్ చేసిన్రా?
చిన్నోనికి సిరప్ తాపిన్రా? ఎన్ని మూతలు?"
నన్ను జూసి నవ్విండు.
ముక్కుపుడక ఇంకా తియ్యలే.

ఇంటికొస్తే గేటు కాడ
గ్యాస్ బండ,
ఎప్పుడు దించిపోయిండో,
వెన్నెల్ల ఒక్కతే నిలవడ్డది
తన వంతు పిలుస్తరన్నట్టు.