నడిమి మడత

సఖినేటిపల్లి లంక బడిలో
ఇంకా అట్ట వేయని నా బొమ్మల పుస్తకాన్ని
చాప మీద పరిచాను.

ఆరో పేజీ, ఏడో పేజీ కలిపి ఒకే గోదారి.
మూడు రాత్రులు కూర్చుని కలిపిన నీలం.
నట్టనడుమ పంటు. పంటు మీద మేక,
మేక మెడకి పసుప్పచ్చ రిబ్బను.
కింద మూలన బుద్ధిగా నాలుగు వాక్యాలు.

వాటి వైపు ఒక్కరూ చూడలేదు.

ఓలేటి నూకరత్నం, రెండో తరగతి,
పిన్నులు కొట్టిన చోట వేలు పెట్టి
"పంటు మునిగిపోయిందండి" అంది.
నిజమే.
తోక ఆరులో ఉంది, తల ఏడులో ఉంది,
మేక పొట్టని మడత మింగేసింది.

"మరేమోనండి, వరదకి నీళ్లు ఇలాగుండవండి"
అంటూ పరికిణీ అంచు బురద వేలికి తీసి
నా నీలం మీద ఈ చివర్నుంచి ఆ చివరికి రాసింది.
ఆపాల్సింది.
మేష్టారు "ఒసేయ్" అనేలోపే
ఏరు ఎర్రబడింది.

తిరుగు పంట్లో, బైకుల మధ్య నిలబడి,
పెన్సిలుతో పడవని కుడివైపుకి
నాలుగు వేళ్లు జరిపాను.
ఎడమ పేజీ అంతా నీళ్లే.
మూడు వాక్యాలు కొట్టేశాను.
మిగిలిన ఒక్కటీ ఎక్కడుండాలో
నరసాపురం రేవు వచ్చేదాకా
తేలలేదు.