శేషం సున్నా

వాచెట్ రేవులో నీళ్ళు టీ రంగు.
రోజుకు రెండుసార్లు ముప్పై అడుగులు లేచి
రెండుసార్లు బురద చూపించి పోతాయి.
డెస్మండ్ చిడ్జీ గారు ముప్పై నాలుగేళ్ళు
ఆ లేవడాన్ని రాశారు,
పోటు వచ్చిన గంట, నిమిషం, ఎత్తు,
పెన్సిలుతో, గళ్ళ నోటుపుస్తకాల్లో.
నలభై ఒక్క పుస్తకాలు.
రెండు బిస్కెట్ డబ్బాల్లో, మిగిలినవి ఒక చేపల బుట్టలో పెట్టి
నా ముందుకు తోశారు.

నా పని కుదించడం.
ఎవరైనా అడిగితే సముద్రం లెక్కలు అంటాను.
చలికాలమంతా అంకెలు ఎక్కించి గానుగలో వేశాను.
చంద్రుడి లాగుడు ఇంత, సూర్యుడి వాటా ఇంత,
ముప్పై ఏడు అలలు, ఒక్కోదానికి రెండంకెలు.
డెబ్బై నాలుగు అంకెలు.
ఒక కాగితం, అదీ ఒక వైపే.

చేతికిస్తే ఆయన వెనక్కి తిప్పి చూశారు
ఇంకేమైనా ఉందేమోనని.
"ఇంతేనా?"

నాకు ఎనిమిదో తరగతి గుర్తొచ్చింది.
వారమంతా గణాలు విడివిడిగా బట్టీ పట్టి
మర్చిపోయి, గోడకుర్చీ వేసి,
శనివారం నాడు యమాతారాజభానసలగం విన్నాను.
పది అక్షరాలు. ఎక్కడ వేలు పెట్టి మూడు లెక్కపెట్టినా
ఒక గణం. ఎనిమిదీ
ఒకదాని తోక ఒకటి నోట కరుచుకుని
అందులోనే పడుకున్నాయి.
అర్థం కావడమంటే బరువు తగ్గడమని
ఆ రోజే నమ్మేశాను.
ఆ నమ్మకం మీదే ఇప్పుడు జీతం.

పిండాక మిగిలింది పిప్పి అనుకుంటారు.
కాగితం చెప్పిన ఎత్తులోంచి
పెన్సిలు చెప్పిన ఎత్తు తీసేస్తే వచ్చేదాన్ని
మా ఆఫీసులో శేషం అంటాం.
పడమటి గాలి అందులోనే ఉంటుంది,
గట్టు కూలిన డిసెంబరూ, చలికి వణికిన చెయ్యీ,
ఎంత పిండినా నలగనివి,
పిండే గానుగ ఇంకా పుట్టనివి.
ఏది ఏదో అది తనంతట తాను చెప్పదు.

గీత గీయించాను.
ముప్పై నాలుగేళ్ళ గొంగళిపురుగు, ఒళ్ళంతా నూగు.
ఒక్కచోట నున్నగా.
ఎనభై ఏడు మార్చి, పదకొండు రోజులు.
రెండు రోజులు సంతోషించాను కూడా,
సముద్రం ఒకసారైనా నా మాట విన్నదని.
తర్వాత ఆ ఏటి అచ్చు పట్టిక తెప్పించి పక్కన పెట్టాను.
సున్నా. సున్నా. సున్నా.
తొమ్మిదో రోజు ఆ తీరాన పెనుగాలి.
సముద్రం అంత బుద్ధిగా ఉండదు.

పేజీ తీసి వేలు పెట్టి చూపించాను.
ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు, అవసరానికి మించి.
"పట్టికలోంచి ఎక్కించాను.
అప్పుడు గట్టు మీదికి వెళ్ళలేదు."
కెటిల్ మరిగి దానంతట అదే ఆగింది.
ఎందుకని నేను అడగలేదు.
పన్నెండో రోజు అంకె దగ్గర
పెన్సిలు కాగితంలోకి దిగబడి ఉంది.
శేషం అడుగున్నర.

పద్ధతి ప్రకారం ఆ పదకొండూ కొట్టెయ్యాలి.
వాటిలో కొత్త కబురు లేదు,
ఏ గానుగకైనా అవి ఒక్క చుక్క.
కొట్టేశాను. రిపోర్టు పంపాను.
కాగితం ఇప్పటికీ ఒక వైపే.

ఆ ఒక్క పుస్తకం తిరిగి ఇవ్వలేదు. ఆయనా అడగలేదు.
అప్పుడప్పుడూ ఆ రెండు పేజీలు తెరుస్తాను.
ఇరవై ఒక్క పోట్లు. ఒక్క దిద్దుబాటు లేదు.
ఎవరో తలుపు గడియ వేసుకుని
నెమ్మదిగా, గుండ్రంగా రాసినట్టు.