నోటిమీద వేలు

పంతొమ్మిదేళ్లుగా ఒకే మాటతో గంట మొదలుపెట్టినాను:
చేతులు కట్టుకోండి. నోటిమీద వేలు. చూపు నా మీద.
నలభై రెండు జతల కళ్లు నన్ను మోస్తుంటే
పాఠం లోపలికి పోతోందని నమ్మినాను.
గోడవతల పాలిష్ ఫ్యాక్టరీ రోజంతా రాయిని కొరుకుతుంటాది.
తాడిపత్రిలో నిశ్శబ్దానికి కూడా తెల్లటి దుమ్ము పట్టి ఉంటాది.

ఏడో తరగతి, కిటికీ పక్క వరస, వన్నూరుస్వామి.
కట్టుకున్న చేతులు కట్టు నిలవవు.
బండ మీద వేలితో సున్నాలు చుడతాడు,
సున్నాలో సున్నా, దాంట్లో ఇంకో సున్నా.
చూపు ఫ్యాను రెక్కకు, రెక్క మీది బూజుకు.
రంపం కొత్త రాయిని పట్టినప్పుడల్లా
చెవులు మూసుకుని మోకాళ్లలోకి పోతాడు.

నన్ను చూడరా అంటే చూసేవాడు.
ఎంత కష్టపడి చూసేవాడంటే
ఇంకే పనికీ వాడి దగ్గర బలం మిగిలేది కాదు.
ఏం చెప్తిని ఇప్పుడు?
"మీ మీసంలో ఎడంపక్క మూడు తెల్లెంట్రుకలు సా."
క్లాసంతా నవ్వింది. బెంచీ ఎక్కించినాను.
రాత్రి అద్దంలో చూసుకుంటే
మూడే.

వాళ్ల నాయన ఉసేనప్పను పిలిపించినాను.
కనుబొమల దాకా రాతిపిండితో వచ్చినాడు.
నా ఫిర్యాదంతా అయినాక
"కొంచెం గట్టిగా సా, మిషన్లు చెవులు తినేసినాయి" అన్నాడు.
మళ్లీ చెప్పినాను, వరండా అంతా వినపడేట్టు.
ఆయన అరచెయ్యి నా బల్లమీద బోర్లించి
"బ్లేడు విరిగే ముందు రాయి చెప్తాది సా.
నేను ఇట్ల చెయ్యి పెట్టి వింటా.
మా షెడ్డులో అందరికంటే ముందు వినేది నేనే.
వాడు గూడా వింటాంటాడు.
దేంతో వింటాడో మీరు కనుక్కోవల్ల" అన్నాడు.
షిఫ్టుకు టైమైందని పోయినాడు.
బల్లమీద ఐదు వేళ్ల అచ్చు.
తుడవబుద్ధి కాలేదు.

ఆ శనివారం కాంప్లెక్స్ మీటింగు.
ఎంఈఓ గారు మూడు గంటలు అభ్యసన ఫలితాలు చెప్పినారు.
నా కుడికాలు బెంచీ కింద పరుగెత్తుతానే ఉంది.
డైరీ అంచంతా కొంగలు గీసినాను, ఒంటికాలి కొంగలు.
పక్కన సావిత్రమ్మ టీచరు క్రోషా అల్లుతోంది.
మమ్మల్నెవరూ బెంచీ ఎక్కించలేదు.
కొంగలు గీసినంతసేపూ చెప్పింది గుర్తుంది.
పెన్ను మూసి వినయంగా చూసిన పావుగంటలో
ఏం చెప్పినారో ఇప్పటికీ తెలీదు.

సోమవారం గోడమీది చార్టు దించినాను.
మంచి విద్యార్థి లక్షణాలు; మొదటిది కదలకుండా కూర్చోవడం.
ఖాళీ మేకుకు ఏం తగిలించాలో తోచక
పిల్లల్నే అడిగినాను, మీరెట్ల వింటారని.
చాలాసేపు ఎవరూ నోటిమీంచి వేలు తీయలేదు.
నేర్పింది నేనే కదా.
చివరికి గౌసియా: నిలబడితే బాగా వినపడ్తాది సా.
ఇంకొకడు: బోర్డుమీద గూడా రాయండి, వట్టి మాటలు జారిపోతాయి.
లోకమ్మ: ఉన్నట్టుండి లేపి అడగద్దండి,
తెలిసింది గూడా పారిపోతాది.
వన్నూరుస్వామి సున్నాల్లో ఉన్నాడు. అడగలేదు.
రంపానికి దూరంగా లోపలి గోడకు జరిపి
ఉసేనప్ప పంపిన రాతిముక్క చేతికిచ్చినాను,
ఒకవైపు నునుపు, ఒకవైపు గరుకు.

అంతా చక్కబడిందని చెప్పను.
గౌసియా నిలబడితే వెనక ఓబుళేసుకు బోర్డు కనపడదు,
రోజుకో జగడం.
హెడ్మాస్టరు తొంగిచూసి "ఏంది సార్ ఈ సంత" అంటాడు.
వింటాండారు సార్ అంటాను. నమ్మడు.
కొన్నిరోజులు నేనూ నమ్మను.

నిన్న తలనొప్పితో, పాత అలవాటుగా అరిచేసినాను:
నోటిమీద వేలు!
రెప్పపాటులో నలభై ఒక్క వేళ్లు లేచినాయి.
నాకే భయమేసింది.
లేవని వేలు ఒక్కటి, రాతి గరుకు మీద
చుడుతూనే ఉంది.
బల్లమీద అరచెయ్యి ఆనించి నిలబడినాను.
అవతల రంపం, ఇవతల వాడి వేలు.
రెండూ వేరువేరుగా
అందినాయి.